కారం అంటని నోరు

ఫిబ్రవరి వచ్చిందంటే గుంటూరు మిర్చి యార్డు దారిలో గాలే మారిపోతుంది. ఆటోలో పోతున్న కొత్తవాడు ముందు దగ్గుతాడు, తర్వాత తుమ్ముతాడు, ఆపైన జేబురుమాలు వెతుక్కుంటాడు. ఏళ్ళ తరబడి అక్కడే పనిచేసే హమాలీలు సైతం ముక్కుకి తువ్వాలు చుట్టుకునే టిక్కీలు (మిర్చి బస్తాలు) ఎత్తుతారు. అదే ఊళ్ళో, అదే రోజుల్లో, ఏ బ్రాడీపేట డాబా మీదో కుండీలో పండిన మిరపపండు దగ్గరికి ఒక పికిలిపిట్ట వచ్చి వాలుతుంది. పండుని ముక్కున కరుచుకుని తొడిమ నుంచి ఒక్క లాగు లాగుతుంది. తల వెనక్కి విసిరి మింగుతుంది. ముక్కుని కొమ్మకి అటొకసారి ఇటొకసారి రాసి తుడుచుకుని, ఇంకో పండు కోసం చూస్తుంది. దగ్గూ లేదు, కన్నీళ్ళూ లేవు.

ఈ పిట్టని ఫోటో తీయాలనుకునేవాళ్ళు ముందు తెలుసుకోవలసింది కెమెరా గురించి కాదు, ఆ పండు గురించి. పండు ఎవరి కోసం పండిందో తెలిస్తే ఎవరొస్తారో, ఎప్పుడొస్తారో సగం తెలిసినట్టే.

పిట్టల్ని పెరట్లోకి రప్పించడానికి బెర్రీ మొక్కలు నాటమని ఇంగ్లండు, అమెరికా తోటల పుస్తకాలు చెబుతాయి. వాటిల్లో కనిపించే బ్లూబెర్రీ, ఎల్డర్‌బెర్రీ, హాలీ మన నల్లరేగడిలో, మన మే నెల ఎండలో బతికి బట్టకట్టవు. ఆ అవసరమూ లేదు. వృక్షశాస్త్రం లెక్కలో బెర్రీ అంటే పువ్వులోని అండాశయం కండపట్టి, టెంక లేకుండా, లోపల గింజలతో పండేది. ఆ లెక్కన స్ట్రాబెర్రీ బెర్రీ కాదు. టమాటా, వంకాయ, ద్రాక్ష, మిరపకాయ బెర్రీలు. అంటే గుంటూరు, ప్రకాశం రైతులు తరతరాలుగా పండిస్తున్నది బెర్రీ పంటే! ఎగుమతి లెక్కల్లో దాన్ని సుగంధ ద్రవ్యం కింద రాస్తారు, అది వేరే సంగతి.

ఒకసారి ఈ కళ్ళతో చూస్తే మన పెరళ్ళ నిండా బెర్రీలే. ప్రతి ఇంటి వెనకా ఉండే కరివేపాకు చెట్టు ఎండాకాలం ముగిసే వేళకి గుత్తులు గుత్తులుగా పండుతుంది. ముందు ఆకుపచ్చ, తర్వాత ఎరుపు, చివరికి నిగనిగలాడే నలుపు. ఆకు కోసుకునే తొందరలో ఆ పళ్ళని పట్టించుకునేవాళ్ళు తక్కువ గానీ, కోకిల వాటికోసం కాచుకుని ఉంటుంది. ఎవరూ నాటకుండానే కంచె మీద పాకే కాకిదొండ వానల తర్వాత ఎర్రగా పండి పగులుతుంది. గోడ వార కామంచి మొలుస్తుంది. వీధి చివరి సింగపూర్ చెర్రీ అయితే దాదాపు ఏడాది పొడవునా కాస్తూనే ఉంటుంది. వేపపండులో టెంక ఉంది కాబట్టి శాస్త్రం దాన్ని బెర్రీ అనదు. జూన్, జూలైల్లో కాకులకీ గోరింకలకీ ఆ తేడాతో పనిలేదు.

వీటన్నిటిలో మనిషిని కాల్చేది మిరప ఒక్కటే. కారణం కాప్సైసిన్ అనే పదార్థం. కారమంతా గింజల్లో ఉంటుందని చాలామంది నమ్మకం. అది తయారయ్యేది గింజలు అంటుకుని ఉండే తెల్లటి కండలో. గింజలకి అక్కణ్నుంచే అంటుకుంటుంది. ఇది మన నరాల మీద ఎలా పనిచేస్తుందో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం శాన్‌ఫ్రాన్సిస్కో విభాగంలో డేవిడ్ జూలియస్ బృందం 1997లో కనిపెట్టింది. నొప్పిని మోసే నరాల చివర్లలో టీఆర్‌పీవీ1 అనే ప్రోటీను ఉంటుంది. దాని అసలు పని వేడిని పసిగట్టడం. ఉష్ణోగ్రత సుమారు 43 డిగ్రీల సెల్సియస్ దాటితే అది తెరుచుకుని, కాలుతోందని మెదడుకి కబురు పంపుతుంది. కాప్సైసిన్ వచ్చి అతుక్కున్నా అదే ప్రోటీను తెరుచుకుంటుంది, అదే కబురు వెళ్తుంది. మే నెల మధ్యాహ్నం రెంటచింతలలో చెప్పుల్లేకుండా బండ మీద నిలబడ్డ కాలు చెప్పేదీ, తేజ మిరపకాయ కొరికిన నాలుక చెప్పేదీ మెదడు దృష్టిలో ఒకే మాట. 2021లో వైద్యశాస్త్ర నోబెల్ బహుమతిని జూలియస్, స్పర్శ గ్రాహకాలు కనిపెట్టిన ఆర్డెమ్ పటపూటియన్ పంచుకున్నారు.

పక్షులకీ ఈ ప్రోటీను ఉంది. స్వెన్-ఎరిక్ జోర్ట్, జూలియస్ కలిసి కోడిలోని దాన్ని పరీక్షించి 2002లో ఫలితాలు ప్రకటించారు. వేడి తగిలితే తెరుచుకుంది. ఆమ్లం తగిలినా తెరుచుకుంది. కాప్సైసిన్ తగిలితే మాత్రం ఉలకలేదు, పలకలేదు. ప్రోటీను నిర్మాణంలో కొద్దిపాటి తేడా, అంతే. కాబట్టి మన డాబా మీది పికిలిపిట్ట ధైర్యం చూపడమూ లేదు, ఓర్చుకోవడమూ లేదు. దాని నోటికి గుంటూరు సన్నమూ, కూరల్లో వేసుకునే క్యాప్సికమూ ఒకటే.

ఇందులో మొక్కకి ఏమిటి లాభం? అమెరికాలోని అరిజోనాలో అడవి మిరప పొదల మీద జాషువా ట్యూక్స్‌బరీ, గ్యారీ నభాన్ చేసిన పరిశోధన 2001లో ‘నేచర్’ పత్రికలో వచ్చింది. పళ్ళు తింటున్నవి పక్షులు. అందులోనూ ముఖ్యంగా కర్వ్-బిల్డ్ త్రాషర్ అనే, మన గోరింక కన్నా కాస్త పెద్ద పిట్ట. ఎలుక జాతి జంతువులు ఆ పళ్ళని ముట్టలేదు. కారం లేని మిరప రకం పెడితే అవీ తిన్నాయి, కానీ వాటి దంతాల కింద నలిగిన గింజ ఒక్కటీ మొలవలేదు. పిట్ట పొట్టలోంచి బయటపడ్డ గింజలు మాత్రం మామూలు గింజల్లాగే మొలిచాయి. పిట్టకి నమిలే దంతాలు లేవు మరి. నమిలేవాళ్ళని తరిమి, మింగేవాళ్ళని రానిచ్చే ఏర్పాటు ఇది. కాప్సైసిన్‌కి ఇంకో పనీ ఉందని ట్యూక్స్‌బరీ బృందమే తర్వాత బొలీవియాలో తేల్చింది. పురుగు కుట్టిన రంధ్రం గుండా పండులోకి దిగి గింజల్ని పాడుచేసే బూజుని అది అణచిపెడుతుంది.

అడవి మిరపపండు ఆకారం కూడా పిట్ట కొలతకి కుదిరిందే. చిన్నది, ఆకుల పైన నిటారుగా నిలబడేది, పండగానే మెత్తబడి తొడిమ నుంచి ఇట్టే ఊడొచ్చేది. రైతుకి కావలసింది సరిగ్గా దీనికి తిరగబడిన కాయ. పొడుగ్గా ఉండాలి, ఆకుల చాటున వేలాడాలి, కోసేదాకా చెట్టుని వదలకూడదు. వేల ఏళ్ళ ఎంపికతో మనిషి మిరపని అలా మార్చుకున్నాడు. ఆ మారిన మిరపే 16వ శతాబ్దంలో పోర్చుగీసు ఓడలతో మన దేశానికి వచ్చింది. మన పికిలిపిట్టకి ఈ పండుతో పరిచయం మహా అయితే 500 ఏళ్ళది. అయినా ఎవరూ నేర్పకుండానే దాన్ని మింగేవాళ్ళలో చేరిపోయింది.

ఫోటోలు తీసే ఉద్దేశంతో కుండీలో మిరప వేసేవాళ్ళకి ఇక్కడే మొదటి సలహా దొరుకుతుంది. పచ్చళ్ళకి పనికొచ్చే పొడుగు రకం వద్దు. ఆకాశం కేసి నిలబడి కాసే చిట్టి మిరప వేయండి. సన్నం కాయ అయితే పిట్ట దాన్ని పొడిచి చీల్చుకోవాలి, అదీ ఆకుల చాటున వేలాడుతూ. మీకు కనిపించేది వీపే. చిట్టి మిరప అయితే పిట్ట పైన వాలి, మెడ సాచి, పండుని వెలుతురులోకి ఎత్తి పట్టి మింగుతుంది. పండు ముక్కు కొసన ఉండే ఆ క్షణం సెకనులో చిన్న భాగమే. కాబట్టి షట్టరు వేగం 1/1000 సెకనుకి తగ్గకుండా చూసుకుని, వరసగా తీసే పద్ధతిలో పెట్టుకోవాలి.

చిలక సంగతి వేరు. అది ఒంటికాలి మీద నిలబడి, రెండో కాలితో మిరపపండు పట్టుకుని, చీల్చి గింజలు కొరుక్కుతింటుంది. ఫోటోకి ఇంతకన్నా అందమైన భంగిమ దొరకదు. మొక్క లెక్కలో మాత్రం అది దొంగ. గింజని మోసుకుపోయేది కాదు, నూరిపారేసేది. చేలో మంచె వేసుకుని, వడిసెల తిప్పి చిలకల్ని తోలిన తరానికి ఈ మాట కొత్తగా చెప్పనక్కర్లేదు.

ఇప్పుడు దూరం గురించి. గుంటూరు దగ్గర ఉప్పలపాడు చెరువు మీద గూడబాతులూ ఎర్రకాళ్ళ కొంగలూ గుంపులుగా గూళ్ళు కడతాయి. వాటికోసం మోచేతి పొడుగు లెన్సులు మోసుకుని దూరాల నుంచి వస్తారు. అవి పెద్ద పక్షులు కాబట్టి దూరం నుంచి తీసినా ఫోటో నిండుతుంది. పికిలిపిట్ట పొడుగు 20 సెంటీమీటర్లే. ఎనిమిదో తరగతి పిల్లలకీ అర్థమయ్యే లెక్క ఇది: వస్తువు పొడుగుని లెన్సు నాభ్యంతరంతో హెచ్చవేసి దూరంతో భాగిస్తే, కెమెరాలో పడే బొమ్మ పొడుగు వస్తుంది. 400 మి.మీ. లెన్సుతో 40 మీటర్ల దూరాన ఉన్న పికిలిపిట్టని తీస్తే సెన్సరు మీద పడేది 2 మిల్లీమీటర్ల బొమ్మ. పిట్ట 4 మీటర్లకి వస్తే 20 మిల్లీమీటర్లు. 36 మి.మీ. వెడల్పున్న సెన్సరుకి అది సరిపడా నిండుతుంది. దూరంగానే నిలబడి అదే ఫలితం రావాలంటే 4000 మి.మీ. లెన్సు కావాలి. అలాంటిది దుకాణాల్లో దొరకదు. మిరప నారు ఏ నర్సరీలోనైనా కొద్ది రూపాయలకి దొరుకుతుంది. నా దృష్టిలో పిట్టల ఫోటోగ్రఫీలో డబ్బుకి తగిన విలువ ఇచ్చే పరికరం పండు కాసే మొక్కే.

మన మైదానాల్లో దూరంతో ఇంకో చిక్కుంది. నల్లరేగడి నేల ఎండని బాగా పీల్చుకుంటుంది, దాని పైగాలి వేడెక్కి అలలు అలలుగా లేస్తుంది. వేడిగాలీ చల్లగాలీ వెలుతురుని వేర్వేరుగా వంచుతాయి. తారురోడ్డు మీద ఎండమావి కనిపించేది ఈ వంపు వల్లే. పత్తిచేను మీదుగా 40 మీటర్ల అవతలి పిట్టని ఉదయం పదిన్నర తర్వాత తీస్తే, ఎంత ఖరీదు లెన్సయినా ఈకల గీతలు కరిగిపోతాయి. మధ్యలో 4 మీటర్ల గాలే ఉంటే ఆ చెడుపు లెక్కలోకి రాదు.

దగ్గరితనానికి చెల్లించాల్సిన ధర ఒకటుంది, అది లోతు. 400 మి.మీ. లెన్సుని ఎఫ్ 5.6 దగ్గర ఉంచి 4 మీటర్ల దూరాన తీస్తే స్పష్టంగా వచ్చే మందం సుమారు 3 సెంటీమీటర్లు. పిట్ట మీకు ఎదురుగా తిరిగి ఉంటే కన్ను స్పష్టంగా, తోక మసకగా వస్తుంది. పక్కకి తిరిగి ఉంటే ఒళ్ళంతా ఆ 3 సెంటీమీటర్లలో ఇముడుతుంది. పిట్ట కొమ్మకి అడ్డంగా కూర్చుంటుంది, అందుకని కుండీ పక్కన ఒక ఎండుకొమ్మని దాని కొస మీ కిటికీ వైపు ఉండేలా పాతండి. పిట్ట పండు మీదికి నేరుగా రాదు. ముందు దగ్గర్లో ఏదైనా కొమ్మ మీద వాలి, పిల్లి ఉందా, మనిషి ఉన్నాడా అని చూసుకుని అప్పుడు దిగుతుంది. ఆ కొమ్మ ఏదో మీరు నిర్ణయిస్తే అది ఏ వైపు తిరిగి వాలుతుందో కూడా చాలావరకు మీరే నిర్ణయించినట్టు.

ఈ ఉపాయం మన రైతులకి తెలిసిందే. పత్తిలో శనగపచ్చ పురుగు పడితే చేలో అక్కడక్కడా ‘టి’ ఆకారంలో కర్రలు పాతమని వ్యవసాయ అధికారులు చెబుతారు, పక్షి స్థావరాలంటారు వాటిని. పసులపోలిగాడు (డ్రాంగో పిట్ట) అలాంటి ఒక కర్ర మీద కూర్చుని చుట్టూ పరికిస్తూ పురుగు కనబడగానే దూకి పట్టుకుంటాడు. తిరిగి అదే కర్ర మీదికి వస్తాడు. ఫోటో తీసేవాడికి ఇంతకన్నా ఏం కావాలి?

కెమెరా వెనక మనిషి కనిపించకూడదు. ఇంగ్లండులో కీర్టన్ సోదరులు, రిచర్డు, చెర్రీ, 1900 ప్రాంతంలో ఎద్దు తోలుతో బోలు ఎద్దుని కట్టించుకుని, కెమెరాతో పాటు ఒకరు అందులో దూరి పొలాల్లో పిట్టల్ని తీశారు. ఒంగోలు గిత్తల సీమలో ఆ పని చేస్తే పిట్టలు మోసపోతాయేమో గానీ ఊరు ఊరంతా చూడ్డానికి వస్తుంది. మనకి వంటింటి కిటికీ చాలు. గదిలో దీపం ఆర్పి, దోమతెర పక్కకి జరిపి, ఊచల మధ్య నుంచి లెన్సు ముఖం మాత్రం ఉంచి కూర్చుంటే బయటి వెలుతురులో ఉన్న పిట్టకి లోపలి చీకట్లో ఏమీ కనిపించదు. పెద్ద కెమెరా లేనివాళ్ళు ఫోనునే కుండీ పక్కన, రెండు ఇటుకల మధ్య ఇరికించి, చవకగా దొరికే బ్లూటూత్ బటనుతో లోపలి నుంచి నొక్కవచ్చు. మొదట్లో పిట్టలు ఆ ఇటుకల్ని అనుమానంగా చూస్తాయి, తర్వాత వాటి మీదే వాలతాయి.

వెనక ఏముందో కూడా ముఖ్యమే. మన డాబాల మీద నల్ల ప్లాస్టిక్ నీళ్ళ ట్యాంకు, దండెం మీద లుంగీ, పక్కింటి డిష్ యాంటెనా తప్పవు. వాటిని తీసేయలేం గానీ కుండీని పిట్టగోడ అంచుకి జరిపితే వెనక ఉన్నవన్నీ పదిహేను ఇరవై మీటర్ల దూరానికి పోయి, పై లెక్క ప్రకారమే ఆనవాలు లేకుండా మసకబారతాయి. మిరప పండే కాలం ఇందుకు కలిసొస్తుంది. సంక్రాంతి నుంచి ఫిబ్రవరి దాకా పొద్దున పూట పలుచగా మంచు పట్టి, వెలుతురు మెత్తగా, పక్కవాటుగా వస్తుంది. ఏప్రిల్‌కి అది నెత్తిన పడే సుత్తి.

వెలుతురు కొలవడంలో కెమెరా చేసే పొరపాటు కోకిల దగ్గర బయటపడుతుంది. కరివేపాకు చెట్టు మీద మగకోకిలని తీసిన ఫోటోల్లో చాలావాటిలో అది నల్లమచ్చలా ఉంటుంది, కన్ను కూడా తెలియదు. కెమెరా ఏ దృశ్యాన్నయినా మధ్యరకం బూడిదరంగుగా ఊహించుకుని కొలుస్తుంది. వెనక తెల్లటి ఆకాశం ఉంటే ‘వెలుతురు ఎక్కువైంది’ అనుకుని మొత్తం తగ్గించేస్తుంది. మనం దాని మాట వినకుండా ఒకటి, ఒకటిన్నర స్టాపులు పెంచాలి. ఆకాశం తెల్లబడిపోతే పోనీయండి. అప్పుడు కోకిల నలుపులోని నీలిపచ్చ మెరుపు, నెత్తుటి చుక్కలాంటి కన్ను పైకి వస్తాయి. గోధుమరంగు మీద తెల్లచుక్కలున్న పిట్ట పక్కనే అదే పళ్ళు తింటుంటే అది వేరే జాతి కాదు, ఆడకోకిల. పాట పాడే మగవాడికి దక్కిన పేరు ఆమెకి దక్కలేదు. చాలామంది ఆమెని ఫోటోలోనే మొదటిసారి గుర్తుపడతారు. పండిన చెట్టుని కోకిల ఒక్కోసారి తన సొత్తులా కాపలా కాసి మిగతా పిట్టల్ని తరుముతుంది. కరివేపాకు మీదికి పికిలిపిట్టలు రావడం హఠాత్తుగా మానేస్తే ఆకుల్లో ఎర్రకన్ను ఎక్కడుందో వెతకండి.

ఎంత బాగా తీసినా, ఫోటోలో ఉన్నది పిట్ట చూసిన పండు కాదు. మన కంటిలో రంగుని పట్టే కణాలు మూడు రకాలు. కెమెరా కూడా మన కంటి కోసమే ఎరుపు, ఆకుపచ్చ, నీలం మూడింటితో పనిచేస్తుంది. పగటి పిట్టల కంట్లో నాలుగు రకాలున్నాయి. నాలుగోది ఊదారంగు, అతినీలలోహిత కాంతుల కోసం. నలుపు, నీలం పళ్ళు చాలావాటి మీద ఉండే సన్నని మైనపు పూత అతినీలలోహిత కాంతిని బాగా తిప్పికొడుతుంది. మనకి బూడిద రాసినట్టుండే పండు పిట్టకి ఆకుల మధ్య వెలిగినట్టు కనిపిస్తుంది. ఎర్ర మిరపపండు విషయంలో మనకీ పిట్టకీ పెద్ద పేచీ లేదు. ఎరుపుని పచ్చ నుంచి విడదీయలేనిది ఎలుక. దానికి రంగూ కనబడదు, రుచీ సహించదు.

కారంతో కాక జిగురుతో పిట్టని పట్టుకునే పండు ఇంకొకటి ఉంది. పాత మామిడిచెట్టున్న పెరడైతే కొమ్మల మీద బదనిక ఉండే ఉంటుంది. మామిడి నుంచి నీళ్ళు లాక్కుని బతికే పరాన్నజీవి. దాని చిన్న పళ్ళ కోసం 8 సెంటీమీటర్ల బూడిదరంగు పిట్ట ఒకటి ‘చిక్ చిక్’ మంటూ తిరుగుతుంది, ఇంగ్లీషు పుస్తకాల్లో ఫ్లవర్‌పెకర్ అంటారు. అది పండుని మింగిన కొద్ది నిమిషాలకే గింజ బయటికొస్తుంది. కానీ గింజ చుట్టూ బంకలాంటి జిగురు. రాలదు, వేలాడుతుంది. పిట్ట కొమ్మ మీద అడ్డంగా తిరిగి కూర్చుని, వెనక భాగాన్ని బెరడుకి రాసి వదిలించుకోవాలి. గింజ అక్కడే అతుక్కుని మొలుస్తుంది. పక్షి శాస్త్రవేత్త సలీం అలీ కొంకణ తీరంలో ఈ పిట్టలకీ బదనికకీ ఉన్న పొత్తు మీద 1931లో బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ పత్రికలో రాశారు. ఈ పిట్ట సింగపూర్ చెర్రీ కొమ్మల్లోనూ దొరుకుతుంది. అక్కడైతే చెట్టు పొట్టిగా ఉండి కొమ్మలు వంగి ఉంటాయి కాబట్టి ఫోటోకి తేలిక.

సింగపూర్ చెర్రీతో వచ్చే పోటీ గురించి కూడా చెప్పాలి. రాత్రి గబ్బిలాలు, పగలు ఉడుతలు. ఎర్రగా పండినవన్నీ తెల్లారేసరికి మాయం. పిట్టలకి మిగిలేది వాటి మిగులు. మిరప కుండీకి ఈ బెడద సాధారణంగా ఉండదు. అమెరికాలో పెరటి పిట్టలకి గింజలు పెట్టేవాళ్ళు ఉడుతల్ని ఆపడానికి కారం కలిపిన గింజలు కొంటారు. జూలియస్, ట్యూక్స్‌బరీల శాస్త్రం అక్కడ సంచుల్లో అమ్ముడుపోతోంది.

పిట్టలకి ఇష్టం కదా అని ప్రతి పండూ నాటకూడదు. తలంబ్రాల మొక్క (లంటానా) నల్లటి పళ్ళంటే పికిలిపిట్టకి ప్రాణం. నల్లమల అంచుల్లో ఆ కంప ఎలా అల్లుకుపోయిందో చూసినవాళ్ళు దాన్ని ఇంట్లో పెంచమని చెప్పరు. గింజ మోసే పిట్ట మంచీ చెడూ చూడదు. మన పికిలిపిట్టే ఫిజీ, హవాయి దీవులకి చేరి కలుపు మొక్కల్ని వెదజల్లి, ప్రపంచంలో అతి చెడ్డ 100 ఆక్రమణ జాతుల జాబితాకి ఎక్కింది. ఫిజీకి అది చేరింది 1903 ప్రాంతంలో, మన దేశం నుంచి వెళ్ళిన ఒప్పంద కూలీలతో పాటు అంటారు.

ఇంకో జాగ్రత్త మందుల గురించి. 2021-22 సీజనులో నల్ల తామరపురుగు గుంటూరు మిరపతోటల్ని ఊడ్చేసినప్పుడు రైతులు మందు మీద మందు కొట్టారు. అప్పులున్నవాడిని తప్పుపట్టలేం. డాబా మీది నాలుగు కుండీలకి ఆ అవసరం లేదు. పెద్ద పికిలిపిట్టలు పళ్ళు తిన్నా పిల్లలకి ఎక్కువగా పెట్టేది పురుగులనే. ఆకుమీది పురుగుని చంపిన మందు గూటికి చేరుతుంది. నర్సరీ నుంచి తెచ్చిన నారు మీద కూడా మందు ఉండొచ్చు, తొలి కాపు పళ్ళు పిట్టలకి వదలకుండా తెంపేయడం మేలు. మార్చి దాటాక పండు కన్నా నీళ్ళకే ఎక్కువ పిట్టలొస్తాయి. వెడల్పాటి మట్టి మూకుడులో రెండు వేళ్ళ లోతు నీళ్ళు పోసి, దోమలు పట్టకుండా రోజూ మార్చాలి.

పికిలిపిట్ట అదే డాబా మీద, ఒక్కోసారి అదే కుండీలో గూడు కడుతుంది. గూటిని ఫోటో తీయొద్దు. కాకికి మనిషి చూపు ఎటుందో కనిపెట్టే తెలివి ఉంది. మీరు రోజూ ఒకే పొదలోకి వంగి చూస్తుంటే అదీ వచ్చి చూస్తుంది.

తీసిన ఫోటోకి తేదీ, సమయం, ఏ మొక్క, పండుని మింగిందా పొడిచిందా అన్న నాలుగు మాటలు చేర్చి పెట్టుకుంటే అది అలంకారం స్థాయి దాటుతుంది. 19వ శతాబ్దంలో నెల్లూరులో సివిల్ సర్జనుగా పనిచేసిన జెర్డన్ మన పిట్టల మీద రాసిన మూడు సంపుటాలు 1862-64 మధ్య వచ్చాయి. వాటిలో పికిలిపిట్టకి తెలుగు పేరుతో సహా చోటుంది. అప్పట్లో పిట్టని తెలుసుకోవాలంటే తుపాకీతో కొట్టి చేతిలో పట్టుకుని చూడాల్సిందే. ఇప్పుడు ఏటా ఫిబ్రవరిలో జరిగే గ్రేట్ బ్యాక్‌యార్డ్ బర్డ్ కౌంట్‌లో 2013 నుంచి మన దేశమూ పాల్గొంటోంది. నాలుగు రోజులు, పెరట్లోనే కనీసం పావుగంట చూసి ఈబర్డ్ వెబ్‌సైటులో నమోదు చేస్తే చాలు. సరిగ్గా మిరప పండే నెల.

అరిజోనా ప్రయోగాన్ని గుంటూరు డాబా మీద చేసి చూడటం కష్టమేమీ కాదు. బజారులో దొరికే ఎర్ర క్యాప్సికం కొనండి, అందులో కారం లేదు. బాగా పండిన ఎర్ర మిరపపళ్ళు ఇంకొన్ని. రెంటినీ ఒకే కొలతలో ముక్కలు కోసి, సమానంగా లెక్కపెట్టి రెండు మూకుళ్ళలో పెట్టండి. ఒకే వైపు అలవాటు కాకుండా రోజూ మూకుళ్ళ స్థానాలు మార్చండి. ఎదురుగా ఫోనుని నిమిషానికొక ఫోటో తీసే టైమరులో ఉంచి లోపలికి వెళ్ళిపోండి. సాయంత్రం రెండింటిలో మిగిలిన ముక్కలు లెక్కపెట్టి, ఫోటోలు చూసి, ఏ మూకుడులో పిట్ట మూతి పెట్టిందో, ఏ మూకుడులో ఉడుత పెట్టిందో వేర్వేరుగా రాసుకోండి.